సిజేరియన్ల లెక్కలతో పాటు ఇది కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

తెలుగు రాష్ట్రాల్లో సిజేరియన్ కాన్పులు పెరిగిపోతున్నాయన్న కథనాలు మీ పత్రికలో తరచూ చూస్తుంటాను. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద నూటికి 21.5 కాన్పులు ఆపరేషన్‌తో జరగగా, తెలంగాణలో అవి 60.7, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, నేనుంటున్న కర్ణాటకలో 31.5గా తేలాయి. దేశవ్యాప్తంగా చూస్తే, సర్కారు ఆసుపత్రుల్లో 14.3 శాతం ఉన్నది ప్రైవేటు ఆసుపత్రులకు వచ్చేసరికి 47.4 శాతానికి ఎగబాకింది. ఇందులో వ్యాపారం పాలు ఎంతో తేల్చాల్సిందేననీ, అవసరం లేని కోత ఏ స్త్రీకీ పడకూడదనీ నేనూ గట్టిగా నమ్ముతాను. కానీ అవసరం నిజంగానే ఉండి, తేదీ ముందుగానే ఖాయమై, రెండు మూడు వారాల్లో ఆపరేషన్ బల్ల ఎక్కబోతున్న గర్భిణి ఈ కథనాలు చదివితే ఆమెకు దొరికేది భయం తప్ప మరొకటి కాదు. ఆ రోజు ఏం జరుగుతుందో, ఏమేం అడగవచ్చో, అదే ఆపరేషన్ ఒకరికి పీడకలగానూ మరొకరికి జీవితాంతం తలచుకునే సంతోషంగానూ ఎందుకు మిగులుతుందో చెప్పే రాతలు మన భాషలో నాకు పెద్దగా కనబడలేదు. ఆ లోటు కొంతైనా తీరుతుందేమోనని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పేరు మన కథనాల్లో ఎప్పుడూ వినిపిస్తుంది. సిజేరియన్లు 10 నుంచి 15 శాతం మించనక్కర లేదని ఆ సంస్థ 1985లో చెప్పిన మాటను అందరూ ఉదాహరిస్తారు. 2015లో అదే సంస్థ ఆ విషయాన్ని మళ్ళీ పరిశీలించి, ఒక జనాభాలో ఆపరేషన్లు 10 శాతం దాటిన తర్వాత తల్లీబిడ్డల మరణాలు తగ్గుతున్న దాఖలాలు లేవని చెబుతూనే, ఏదో ఒక అంకెను అందుకోవాలని చూడడం కంటే అవసరమైన ప్రతి స్త్రీకీ ఆపరేషన్ అందేలా చూడడమే ముఖ్యమని కూడా ప్రకటించింది. ఈ రెండో మాట మన దాకా రావడం లేదు. కాన్పులను రాబ్సన్ వర్గీకరణ ప్రకారం పది తరగతులుగా విడదీసి, ఏ తరగతిలో ఆపరేషన్లు ఎందుకు పెరుగుతున్నాయో చూడమని కూడా ఆ సంస్థ అప్పుడే సూచించింది. తొలి కాన్పులో బిడ్డ ఎదురుకాళ్ళతో ఉన్న స్త్రీలు ఆ పట్టికలో ఆరో తరగతిలోకి వస్తారు. నేను ఆ తరగతి మనిషిని.

మాది హిందూపురం వైపు. పెళ్ళయినప్పటి నుంచి బెంగళూరు కృష్ణరాజపురంలో ఉంటున్నాం. నెలలు నిండుతున్న సమయంలో చేసిన స్కానింగులో బిడ్డ తల పైకీ పిరుదులు కిందికీ ఉన్నాయని తెలిసింది. నెలలు నిండిన బిడ్డల్లో నూటికి ముగ్గురో నలుగురో ఇలా ఉంటారట. 37వ వారం ప్రాంతంలో పొట్ట మీద చేతులతో నెమ్మదిగా తోస్తూ బిడ్డ తలను కిందికి తిప్పే పద్ధతి ఒకటి ఉందనీ, దాదాపు సగం మందిలో అది ఫలిస్తుందనీ, నాకు ఉమ్మనీరు తక్కువగా ఉండడం వల్ల ఆ ప్రయత్నం చేయకపోవడమే మంచిదనీ మా డాక్టరు విడమరచి చెప్పారు. ఎదురుకాళ్ళ బిడ్డ విషయంలో ముందుగా నిర్ణయించిన సిజేరియన్ బిడ్డకు ఎక్కువ క్షేమకరమని 26 దేశాల్లో రెండు వేల మందికి పైగా స్త్రీల మీద జరిగి 2000లో వెలువడిన ఒక పరిశోధన చెప్పిందనీ, ఆ తర్వాత దాని మీద విమర్శలు కూడా వచ్చాయనీ, అలాంటి కాన్పులు చేయించి చేయి తిరిగిన వైద్యులున్న చోట మామూలు కాన్పు కూడా సాధ్యమేననీ ఆమె దాచకుండా అన్నారు. తమకు ఆ అనుభవం తక్కువ అని ఒక డాక్టరు తన నోటితో చెప్పడం నేను అంతకు ముందు వినలేదు. రక్తస్రావం, ఇన్ఫెక్షన్, కాళ్ళలో రక్తం గడ్డకట్టడం, తర్వాతి గర్భంలో మాయ పాత కోత మీద అతుక్కునే ప్రమాదం, వీటన్నిటినీ కూడా వివరించాకే సంతకం అడిగారు. నా అనుభవం బాగుండడానికి మొదటి కారణం ఆ సంభాషణే అని నా అభిప్రాయం.

తేదీ అనగానే మన ఇళ్ళలో పంచాంగం తెరుచుకుంటుంది. మా మామగారు నక్షత్రం చూసి, డాక్టరు చెప్పిన రోజుకు పది రోజుల ముందు ఒక ముహూర్తం బాగుందన్నారు. డాక్టరు కోప్పడలేదు, ఎగతాళి చేయలేదు. ప్రత్యేకమైన ఇబ్బంది ఏదీ లేనప్పుడు 39 వారాలు నిండకుండా సిజేరియన్ చేస్తే బిడ్డ ఊపిరితిత్తుల్లోని నీరు సరిగా ఇంకక ఆయాసం రావచ్చనీ, అప్పుడు బిడ్డను తల్లి దగ్గర కాకుండా ఐసీయూలో ఉంచవలసి రావచ్చనీ చెప్పి, 39 వారాలు నిండిన తర్వాత తనకు వీలున్న రెండు రోజులు చెప్పి, వాటిలో మంచి గంట చూసుకోమన్నారు. మామగారు మారుమాట లేకుండా ఒప్పుకున్నారు. ముహూర్తాన్ని మొత్తంగా తిట్టిపోసే వ్యాసాల కంటే ఈ ఒక్క వివరణ మన పెద్దవాళ్ళ మీద ఎక్కువ పని చేస్తుందని నాకనిపించింది.

మత్తు డాక్టరుతో ముందుగానే మాట్లాడవచ్చన్న సంగతి చాలామందికి తెలియదు. నేను అడిగితే ఆపరేషన్‌కు ముందు రోజు ఆయన వచ్చి కూర్చుని మాట్లాడారు. నడుముకు ఇచ్చే ఆ సూది వల్ల జీవితాంతం నడుము నొప్పి పట్టుకుంటుందని మా బంధువుల్లో చెప్పని ఆడవాళ్ళు లేరు. సూది పడిన చోట కొన్నాళ్ళు సలుపు ఉండవచ్చనీ, కొద్దిమందికి కొన్ని రోజులు తలనొప్పి రావచ్చనీ, దానికి వైద్యం ఉందనీ, దీర్ఘకాలపు నడుము నొప్పికీ ఆ సూదికీ సంబంధం ఉన్నట్టు పరిశోధనల్లో తేలలేదనీ ఆయన చెప్పారు. గర్భంలో మోసిన బరువు, ఆ తర్వాత వంగి కూర్చుని పాలివ్వడం నడుమును ఎక్కువ బాధపెడతాయట. ఆపరేషన్‌కు ఆరు గంటల ముందు నుంచి అన్నం, టిఫిన్ వద్దన్నారు. మంచినీళ్ళు మాత్రం రెండు గంటల ముందు వరకు తాగవచ్చన్నారు. ముందు రాత్రి నుంచి చుక్క నీరు కూడా ముట్టకుండా నాలుక పిడచకట్టుకుపోయి థియేటర్‌కు వెళ్ళిన మా అక్క గుర్తుకు వచ్చింది.

థియేటర్ గురించి నేను కాస్త వివరంగానే రాస్తాను, ఎందుకంటే లోపల ఏం జరుగుతుందో తెలియకపోవడమే సగం భయం. గది చాలా చల్లగా ఉంటుంది. బల్ల అంచున కూర్చోబెట్టి, దిండును పొట్టకు హత్తుకుని వీపును విల్లులా వంచమంటారు. నెలలు నిండిన పొట్టతో అది అంత సులువు కాదు. చింతామణి నుంచి వచ్చి అక్కడ పని చేస్తున్న సిస్టర్ ఒకామె నా ముందు నిలబడి, తన భుజాల మీద నా చేతులు వేయించుకుని, ‘ఇప్పుడు సల్లగా మందు పూస్తారు, ఇప్పుడు సూది, కదలొద్దు తల్లీ’ అని మన మాటల్లో ఒక్కొక్కటే చెబుతూ ఉండిపోయింది. కన్నడమూ ఇంగ్లీషూ నాకు వచ్చు. అయినా ఆ నిమిషంలో తెలుగు వినబడడం ఎంత ధైర్యమో చెప్పలేను. సూది పడ్డాక కాళ్ళలోకి వెచ్చదనం పాకి, కాసేపటికి అవి నావి కానట్టు బరువెక్కాయి. చల్లని స్ప్రే కొట్టి, ఎక్కడి దాకా చల్లగా తెలుస్తోందో అడిగి, మత్తు పూర్తిగా ఎక్కిందని నిర్ధారించుకున్నాకే డాక్టర్లు దగ్గరికి వచ్చారు. గర్భసంచి బరువు వెనుక ఉన్న పెద్ద రక్తనాళం మీద పడకుండా బల్లను కొంచెం ఎడమవైపు ఒరిగించారు. బీపీ తగ్గి ఒక్కసారిగా కడుపులో తిప్పినట్టయింది. ‘ఇది మామూలే, మందు ఇస్తున్నాను, నిమిషంలో తగ్గుతుంది’ అని తల దగ్గర ఉన్న మత్తు డాక్టరు అన్నారు, అలాగే తగ్గింది. వణుకు కూడా వచ్చింది. ఇవేవీ ముందు తెలియకపోతే ప్రాణం పోతోందనే అనుకునేదాన్ని.

నొప్పి లేదు. ఏమీ తెలియదని మాత్రం చెప్పలేను. లోపల ఎవరో నొక్కుతున్నట్టు, లాగుతున్నట్టు స్పష్టంగా తెలుస్తుంది. బిడ్డను బయటకు తీసే ముందు పక్కటెముకల కింద గట్టిగా అదిమినప్పుడు ఊపిరి ఆడనట్టయింది. మా వారిని థియేటర్ దుస్తులు వేయించి నా తల పక్కన స్టూలు మీద కూర్చోబెట్టారు. తెర అవతలికి చూడవద్దని ఆయనకు ముందే చెప్పి ఉంచారు, ఆయనకూ చూడాలన్న సాహసం లేదు. నేను అడిగిన మీదట, బిడ్డ బయటకు వచ్చే క్షణంలో తెరను కొంచెం దించారు. ముందు రెండు పాదాలు, ఆ తర్వాత నడుము, చివరికి తల వచ్చాయట. నాకు కనబడింది మాత్రం నీలం గుడ్డల మధ్య పైకి లేచిన, తెల్లని మైనం పూసినట్టున్న వీపు. వెంటనే ఏడ్చింది. బిడ్డ చురుగ్గా ఉంది కాబట్టి, బొడ్డుతాడును వెంటనే కత్తిరించకుండా ఒక నిమిషం ఆగారు. ఆ కాసేపట్లో మాయలోని రక్తం కొంత బిడ్డకు చేరి తర్వాతి నెలల్లో రక్తహీనత రాకుండా కాపాడుతుందనీ, సిజేరియన్‌లో కూడా ఇది చేయవచ్చనీ మా డాక్టరు చెప్పి ఉన్నారు.

ఆ తర్వాత జరిగిందే నాకు అన్నిటికంటే విలువైనది. పాపను తుడిచి, టోపీ పెట్టి, నా ఛాతీ మీద అడ్డంగా పడుకోబెట్టి, పైన వెచ్చని గుడ్డ కప్పారు. చింతామణి సిస్టర్ ఒక చెయ్యి పాప వీపు మీద వేసి పట్టుకునే ఉంది, ఎందుకంటే నా చేతుల్లో ఇంకా వణుకు తగ్గలేదు. బరువు తూచడం, కొలతలు తీయడం తర్వాత చూసుకోవచ్చన్నారు. అవతల కుట్లు వేస్తున్నారు. బిడ్డను తీయడానికి పట్టింది కొద్ది నిమిషాలే, కుట్లకు పట్టిన సమయమే చాలా ఎక్కువ. ఆ సమయమంతా మేము ముగ్గురం ఒకచోట ఉన్నాం. రికవరీ గదిలో పక్కకు ఒత్తిగిలించి, మొదటి గంట గడవక ముందే ముర్రుపాలు పట్టించారు. తల్లికి నడుముకు మాత్రమే మత్తు ఇచ్చి, ఆమె మెలకువగా, క్షేమంగా ఉన్నప్పుడు ఇలా చేయడం సాధ్యమేనని యూనిసెఫ్, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి రూపొందించిన తల్లిపాల పది సూత్రాల వివరణలోనే ఉంది. ఇందులో ఖరీదైన యంత్రం ఏదీ లేదు, కావలసింది ఒక నర్సు చేయి.

మా అక్కకు కొన్నేళ్ళ కిందట మా వైపు ఒక ఆసుపత్రిలో ఇలాగే తేదీ పెట్టి చేసిన ఆపరేషన్‌ను దీని పక్కన పెట్టి చూస్తే తేడా ఎక్కడుందో తెలుస్తుంది. వైద్యపరంగా అది కూడా ఏ లోపమూ లేని ఆపరేషన్. కానీ బిడ్డ ముఖాన్ని ఒక్క క్షణం చూపించి బయట ఉన్న బంధువుల చేతికి ఇచ్చేశారు. వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఎత్తుకున్నారు, ఒకరు నాలుకకు తేనె రాశారు, సాయంత్రానికి డబ్బా పాలు వచ్చాయి. అక్క బిడ్డను చేతుల్లోకి తీసుకునేసరికి చీకటి పడింది. ఆమె ఇప్పటికీ తన కాన్పు గురించి చెప్పేటప్పుడు ‘నాకు ఆపరేషన్ అయింది’ అంటుందే తప్ప ‘నేను కన్నాను’ అనదు. ఆమెకు లోపించినవి సహాయకుడు పక్కన ఉండడం, ఏం జరుగుతోందో చెప్పే ఒక గొంతు, తొలి గంటలో బిడ్డ. ఇవి వసతుల సమస్యలు కావు.

ఆపరేషన్ తర్వాతి రోజుల గురించి తియ్యగా రాయడం నాకిష్టం లేదు. కుట్లు నొప్పి పుడతాయి, నవ్వినా దగ్గినా పొట్ట లాగుతుంది. దగ్గు వచ్చినప్పుడు కుట్ల మీద దిండు పెట్టి గట్టిగా అదుముకోమన్న ఫిజియోథెరపిస్టు సలహా నేను పొందిన మందులన్నిటికంటే ఎక్కువగా ఉపయోగపడింది. నొప్పి భరించలేనంతగా పెరిగాక మాత్ర వేసుకోవడం కాక, వేళకు వేసుకుంటూ పోవాలనీ, పాలిచ్చే తల్లికి ఇవ్వదగిన నొప్పి మాత్రలు ఉన్నాయనీ చెప్పారు. మత్తు వదిలి కాళ్ళు స్వాధీనంలోకి వచ్చాక, మూత్రం గొట్టం తీసి, పట్టుకుని నాలుగు అడుగులు నడిపించారు. మంచం మీద ఎంత ఎక్కువ సేపు ఉంటే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం అంత ఎక్కువట. మా అత్తగారికి ఇది బొత్తిగా నచ్చలేదు. ‘పచ్చి బాలింతను నడిపిస్తారా’ అని సిస్టర్ మీద విరుచుకుపడ్డారు.

పథ్యం విషయంలో మా ఇంట్లో జరిగిన వాదన ప్రతి తెలుగింట్లోనూ జరిగేదే. వెల్లుల్లి కారం, మిరియాల చారు, నెయ్యి వేసిన అన్నం బ్రహ్మాండంగా తిన్నాను, వాటి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. పేచీ వచ్చింది మంచినీళ్ళ దగ్గర. నీళ్ళు ఎక్కువ తాగితే పొట్ట ఉబ్బుతుంది, కుట్లు చీము పడతాయి అన్నది పెద్దల నమ్మకం. పాలిచ్చే తల్లికి దాహం ఎక్కువ వేస్తుంది, నీళ్ళు తగ్గితే మలబద్ధకం వస్తుంది, ముక్కవలసి వస్తే బాధ పడేది కుట్లే. ఆకుకూరలు, పండ్లు కూడా దూరం పెడితే ఆ కష్టం రెట్టింపవుతుంది. ఇంటికి పంపే ముందు డాక్టరు మా అమ్మనూ అత్తగారినీ కూడా గదిలోకి పిలిపించి ఈ ముక్క వాళ్ళతోనే చెప్పారు. కోడలు చెబితే గొడవయ్యే మాట డాక్టరు చెబితే సలహా అయింది.

చూడడానికి వచ్చినవాళ్ళ పరామర్శలు మరొక అధ్యాయం. ‘అయ్యో, ఆపరేషనా’ అని కొందరు జాలి పడ్డారు, ‘నొప్పులు తెలియకుండా కనేశావు’ అని మరికొందరు చురక వేశారు. పొట్ట పొరలన్నీ కోసి కుట్టించుకున్న స్త్రీకి నొప్పి తెలియలేదనడానికి కొంత ధైర్యం కావాలి. తర్వాతి కాన్పు కూడా తప్పకుండా ఆపరేషనే అని తీర్పు చెప్పినవాళ్ళూ ఉన్నారు. గర్భసంచి కింది భాగంలో అడ్డంగా కోత పెట్టిన చాలామంది స్త్రీలకు, తగిన ఆసుపత్రిలో జాగ్రత్తగా కనిపెట్టుకుని ఉంటే, తర్వాతి కాన్పు మామూలుగా జరిగే అవకాశం ఉంటుంది. నా విషయంలో ఆపరేషన్‌కు కారణం బిడ్డ ఉన్న తీరు కాబట్టి, ఆ అవకాశాన్ని అప్పటి పరిస్థితిని బట్టి చూద్దామని డాక్టరు రాసి కూడా ఇచ్చారు.

సందర్భం వచ్చింది కనుక మరొక ముక్క. కడుపులో ఎదురుకాళ్ళతో ఉన్న పిల్లల్లో తుంటి కీలు సరిగా కుదురుకోకపోయే అవకాశం మిగతా పిల్లల కంటే ఎక్కువ. ఆరు వారాల ప్రాంతంలో తుంటికి ఒక స్కానింగు తీయిస్తే తెలిసిపోతుంది, తొందరగా తెలిస్తే వైద్యం తేలిక. కాళ్ళు రెండూ తిన్నగా చాపి గుడ్డలో బిగించి చుట్టే మన అలవాటు అలాంటి పిల్లలకు అసలు పనికిరాదు.

నా ఉత్తరం చదివి సిజేరియన్ సుఖమైనదని ఎవరూ అనుకోవద్దు. నొప్పులు మొదలై, ఏదో అడ్డు వచ్చి, నిమిషాల మీద థియేటర్‌కు పరుగెత్తించే ఆపరేషన్ వేరు, అక్కడ ఇన్ని మాటలకు వ్యవధి ఉండదు. వ్యవధి ఉన్న చోట కూడా మాట్లాడకపోవడం గురించే నా ఫిర్యాదు. కాన్పు గదులతో పాటు కాన్పుల ఆపరేషన్ థియేటర్లను కూడా మెరుగుపరచడానికి కేంద్ర ప్రభుత్వం 2017లో లక్ష్య పేరుతో ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. నొప్పులు పడే స్త్రీ పక్కన ఒక తోడు ఉండవచ్చన్న మాట సర్కారు ఆసుపత్రుల్లో కూడా ఇప్పుడు వినిపిస్తోంది. ఆ తోడును థియేటర్ గుమ్మం దాటనివ్వడానికే చాలా చోట్ల మనసొప్పడం లేదు. ఇన్ఫెక్షన్ భయం చెబుతారు. చేతులు కడిగించి, దుస్తులు మార్పించి, తల దగ్గర ఒక చోట కూర్చోబెట్టి కదలవద్దంటే సరిపోతుందని మా ఆసుపత్రి చేసి చూపించింది.

బెంగళూరు వాణీ విలాస్ వంటి పెద్ద సర్కారు ఆసుపత్రులకు సరిహద్దు జిల్లాల నుంచి తెలుగు తప్ప మరో భాష రాని స్త్రీలు ఎందరో వస్తుంటారు. తేదీ పెట్టిన ఆపరేషన్‌కు ముందు తినడం, తాగడం, సూది, వణుకు, తొలి గంట, నడక, నీళ్ళు, వీటి గురించి ఒక్క పేజీ తెలుగులో అచ్చు వేసి ఇచ్చినా, చదువు రానివారికి ఒక సిస్టర్ చదివి వినిపించినా ఖర్చు కాగితం పాటిదే. మీ పత్రిక ఆదివారం ఆరోగ్య పేజీలో ఒక మత్తు డాక్టరు చేత, ఒక సీనియర్ నర్సు చేత పాఠకుల ప్రశ్నలకు జవాబులు రాయించవలసిందిగా కోరుతున్నాను. ఇకపై ఆసుపత్రుల వారీగా సిజేరియన్ల లెక్కలు ప్రచురించేటప్పుడు, ఆ ఆసుపత్రుల్లో ఎన్నింటిలో భర్తనో తల్లినో థియేటర్‌లోకి రానిస్తున్నారో, ఆపరేషన్ అయిన తల్లుల్లో ఎందరికి మొదటి గంటలో బిడ్డను అందిస్తున్నారో కూడా అడిగి, ఆ అంకెలను పక్కనే వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కృష్ణరాజపురం, బెంగళూరు